లెమ్మీ, మాస్టోడాన్‌లలో మనకు నచ్చే సమూహాలను వెతికి పట్టుకోవడం ఎలా?

మాస్టోడాన్, లెమ్మీ అనే సామాజిక మాధ్యమాల్లో దేనిలోనో ఖాతా తెరిచి, రెండు రోజులు అటూ ఇటూ చూసి, ఇక్కడ ఎవరూ లేరనుకుని వెళ్లిపోయినవాళ్లు నా స్నేహితుల్లోనే అరడజను మంది ఉన్నారు. వాళ్లను తప్పుపట్టలేను. మనకు అలవాటైన వేదికల్లో ఖాతా తెరిచిన అయిదు నిమిషాలకే ఎవరెవరి మాటలో, ఏవేవో వీడియోలో వచ్చి కళ్ల ముందు వాలతాయి. ఇక్కడ అలా జరగదు. జనం ఉన్నారు, మంచి జనమే ఉన్నారు. వాళ్లను తెచ్చి మీ ముందు నిలబెట్టే యంత్రం మాత్రం లేదు, మీరే వెతుక్కోవాలి. ఎలా వెతకాలో చెప్పేవాళ్లు లేకనే ఎక్కువమంది మొదటి వారంలో వెనక్కి వెళ్లిపోతున్నారని నా నమ్మకం. అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

చెప్పేది గాలిలో తేలిపోకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. నాకు ఇంకు పెన్నులంటే ప్రాణం. స్వదేశీ ఉద్యమ కాలంలో రత్నం పెన్నులు పుట్టిన రాజమహేంద్రవరం పేరు చెబితే, ఎబొనైట్ అనే గట్టి రబ్బరు పెన్నులు సేకరించే విదేశీయులు కూడా గుర్తుపడతారు. అలాంటివాళ్లతో పాళీల గురించి, సిరాల గురించి మాట్లాడుకోవాలంటే ఎక్కడికి వెళ్లాలి? ఈ ప్రశ్నతోనే అడుగులు వేద్దాం. మీకు పెన్నుల బదులు మిద్దె తోటలో, పక్షులో, చదరంగమో ఇష్టమైతే ఆ పేరు పెట్టుకుని చదవండి. దారి ఒకటే.

ముందు ఒక సంగతి: మీ సర్వర్‌కు తెలియనిది మీకు కనిపించదు

మాస్టోడాన్ 2016లో వచ్చింది. లెమ్మీ పని 2019లో మొదలైంది. మొదటిది చిన్న చిన్న పోస్టులతో మనుషులను అనుసరించే చోటు. రెండోది విషయాలవారీగా చర్చలు నడిచే చోటు, రెడిట్ తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. 2023 జూన్‌లో రెడిట్ ఇతర యాప్‌ల మీద వేసిన ఏపీఐ రుసుములకు నిరసనగా వేలాది సబ్‌రెడిట్లు, అంటే అక్కడి సమూహాలు, మూతపడినప్పుడు లెమ్మీకి పెద్ద ఎత్తున జనం వచ్చి చేరారు. ఈ రెండూ, ఇంకా ఇలాంటివి చాలా, యాక్టివిటీపబ్ అనే ఒకే ప్రమాణంతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ ప్రమాణాన్ని వెబ్ ప్రమాణాలను చూసే డబ్ల్యూ3సీ 2018 జనవరిలో ఆమోదించింది. ఈ మొత్తం లోకాన్నే ఫెడివర్స్ అంటున్నారు.

ఇందులో ఒకే పెద్ద కంపెనీ, ఒకే పెద్ద కంప్యూటర్ లేవు. వేలాది సర్వర్లను వేర్వేరు మనుషులు వేర్వేరు ఊళ్లలో నడుపుతున్నారు. ఒక్కో సర్వర్ దగ్గర, అక్కడి సభ్యులు ఇంతవరకు అడిగి తెప్పించుకున్న సరుకే ఉంటుంది. మీ సర్వర్‌లో ఎవరూ ఇంతకుముందు ఇంకు పెన్నుల సమూహాన్ని వెతకలేదనుకోండి. ఆ సమూహం వేరే చోట కళకళలాడుతున్నా మీ సర్వర్‌కు అది ఉన్నట్టే తెలియదు. ఎక్కడో చెరువు నిండుగా ఉండవచ్చు. మన పొలం దాకా పిల్లకాలువ ఎవరో ఒకరు తీయాలి. మొదటిసారి ఆ చిరునామా వెతికి సబ్‌స్క్రైబ్ చేసిన మనిషి కాలువ తీసినట్టు. ఆ తర్వాత అదే సర్వర్‌లో ఉన్నవాళ్లందరికీ ఆ నీళ్లు అందుతాయి.

ఈ ఒక్కటి మనసులో నాటుకుంటే మిగిలిన అడుగులన్నీ సులువవుతాయి. వెతికితే ఏమీ రాలేదంటే అది లేదని అర్థం కాదు, ఇంకా మీ దాకా రాలేదని అర్థం.

మొదటి అడుగు: సర్వర్‌ను ఎంచుకోవడం

దీని దగ్గర వారాల తరబడి తటపటాయించేవాళ్లు ఉంటారు. అంత అవసరం లేదు. ఏ సర్వర్‌లో ఉన్నా మిగతా సర్వర్ల సమూహాల్లో చేరవచ్చు. కాకపోతే మూడు విషయాలు చూసుకోవాలి.

ఒకటి, ఆ సర్వర్‌లో జనం ఎంతమంది. మరీ చిన్నదైతే కాలువలన్నీ మీరే తీసుకోవాలి. మధ్యరకం సర్వర్ కొత్తవాళ్లకు హాయి. మీకు ఒక రంగం మీద గట్టి ఇష్టం ఉంటే ఆ రంగం వాళ్ల సర్వర్‌లోనే చేరండి. ప్రోగ్రామర్లకు ప్రోగ్రామింగ్.డెవ్, ప్రకృతి, విజ్ఞాన శాస్త్రాలంటే ఇష్టపడేవాళ్లకు మాండర్.ఎక్స్‌వైజెడ్ లెమ్మీలో ఉన్నాయి. మాస్టోడాన్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఫాస్టోడాన్, వికీ ప్రియులకు వికీస్.వరల్డ్ ఉన్నాయి. తెలుగు వికీపీడియాలో రాసేవాళ్లకు ఈ చివరిది ప్రత్యేకంగా సూచిస్తాను. (ఇక్కడ చిరునామాలను తెలుగు లిపిలో రాస్తున్నాను. బ్రౌజర్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైపు చేయాలి.)

రెండు, ఆ సర్వర్ ఎవరెవరితో తెగతెంపులు చేసుకుంది. సర్వర్ల నిర్వాహకులు ఒకరినొకరు అడ్డుకోవచ్చు. అడ్డుకుంటే ఆ రెండింటి మధ్య రాకపోకలు ఆగిపోతాయి. 2023 జూన్‌లో బీహా అనే లెమ్మీ సర్వర్ లెమ్మీ.వరల్డ్‌తో సంబంధం తెంచుకుంది. లెమ్మీ.వరల్డ్‌లో ఎవరైనా సులువుగా ఖాతా తెరవగలగడం వల్ల, చర్చలను అదుపులో ఉంచే తమ కొద్దిమంది మోడరేటర్ల మీద భారం పడుతోందన్నది బీహా వాళ్లు చెప్పిన కారణం. ఎవరి తప్పు, ఎవరి ఒప్పు అన్న చర్చ ఇక్కడ అనవసరం. మీకు కావలసిన సమూహం అవతలి గట్టున ఉంటే ఎంత వెతికినా దొరకదన్నదే మనకు ముఖ్యం. లెమ్మీ సర్వర్ల అడుగు భాగంలో ఇన్‌స్టాన్సెస్ అనే లింకు ఉంటుంది. కలిసి ఉన్న సర్వర్లు, అడ్డుకున్న సర్వర్లు అక్కడ జాబితాగా కనిపిస్తాయి. మాస్టోడాన్‌లో అబౌట్ పేజీలో చూడండి. కొందరు నిర్వాహకులు అక్కడ కారణాలు కూడా రాస్తారు.

మూడు, ఎవరు నడుపుతున్నారు, ఖర్చు ఎలా భరిస్తున్నారు. లెమ్.ఈఈ అనే పేరున్న లెమ్మీ సర్వర్ 2025 జూన్ చివర మూతపడింది. ముందే చెప్పి మూసేశారు కాబట్టి సమూహాలు వేరే చోట్లకు తరలిపోయే వీలు దొరికింది. నేను మొదట చేరిన ఒక చిన్న సర్వర్ మాత్రం చెప్పాపెట్టకుండా ఒకనాటి ఉదయం లేకుండా పోయింది. ఎనిమిది నెలల సంభాషణలు దాంతో పోయాయి. అప్పటి నుంచి నిర్వాహకులు తమ గురించి నాలుగు మాటలు రాసుకున్నారా, విరాళాల లెక్క చూపిస్తున్నారా, ఒకరికి మించి నిర్వాహకులున్నారా అని చూడకుండా ఎక్కడా చేరడం లేదు.

రెండో అడుగు: వెతకడానికి ముందే భాష సరిచేసుకోవడం

ఇది చిన్న పని, కానీ ఇక్కడ తప్పు జరిగితే మిగతా శ్రమంతా వృథా. లెమ్మీ సెట్టింగ్స్‌లో ఏయే భాషల పోస్టులు చూపించాలో ఎంచుకునే జాబితా ఉంటుంది. తెలుగు మీద అభిమానంతో చాలామంది తెలుగు, ఇంగ్లిష్ మాత్రమే ఎంచుకుని సేవ్ చేస్తారు. అంతే, సగానికి పైగా పోస్టులు మాయమైపోతాయి. ఎందుకంటే రాసేవాళ్లలో చాలామంది తమ పోస్టు ఏ భాషదో గుర్తు పెట్టరు. అలాంటివన్నీ అన్‌డిటర్మిన్డ్ అన్న కోవలోకి పోతాయి. కాబట్టి ఆ జాబితాలో అన్‌డిటర్మిన్డ్‌ను తప్పకుండా ఎంచుకోండి. దానితోపాటు తెలుగు, ఇంగ్లిష్, మీకు వచ్చిన ఇతర భాషలు.

మాస్టోడాన్‌లో సమస్య ఇంకోలా ఉంటుంది. పోస్టు రాసే పెట్టె కింద భాషను సూచించే చిన్న గుర్తు ఉంటుంది. మీరు తెలుగులో రాస్తూ దాన్ని ఇంగ్లిష్‌గానే వదిలేస్తే, తెలుగు పోస్టులు మాత్రమే చూడాలని పెట్టుకున్నవాళ్లకు మీది కనిపించదు. తెలుగులో రాసేవాళ్లు ఇక్కడ ఇంకా తక్కువే. ఉన్న కొద్దిమందీ ఒకరికొకరు కనిపించకుండా పోవడం ఎంత అన్యాయం! రాసిన ప్రతిసారీ ఆ గుర్తు మీద ఒక చూపు వేయండి.

అలాగే మాస్టోడాన్ ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ రీచ్ అనే పేజీ ఉంది. మీ బహిరంగ పోస్టులు సెర్చ్‌లో దొరకాలా వద్దా అన్నది అక్కడ మీరే నిర్ణయించుకోవాలి. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 4.2 వెర్షన్ నుంచి, ఒప్పుకున్నవాళ్ల పోస్టులే ఇతరులకు సెర్చ్‌లో వస్తున్నాయి. సాటి ఇష్టాలున్నవాళ్లు మిమ్మల్ని కనుక్కోవాలంటే దాన్ని ఆన్ చేయండి.

మూడో అడుగు: లెమ్మీలో ఒక సమూహాన్ని చేతికి తెచ్చుకోవడం

ఇక పెన్నుల దగ్గరికి వద్దాం. లాగిన్ అయి, మీ సర్వర్ సెర్చ్ బాక్సులో పెన్ను అన్న ఇంగ్లిష్ మాట కొట్టి, కమ్యూనిటీస్ అని ఎంచుకుని చూడండి. ఏదైనా వస్తే మంచిదే. రాకపోతే లెమ్మీవర్స్.నెట్ అనే సైటుకు వెళ్లండి. అది లెమ్మీ సర్వర్లన్నింటినీ చుట్టి వచ్చి, ఎక్కడ ఏ సమూహం ఉందో ఒకే చోట చూపిస్తుంది. అక్కడ ముందుగా మీ ఇంటి సర్వర్ ఏదో చెప్పే చిన్న గుర్తు ఉంటుంది, దాన్ని నింపండి. లేకపోతే లింకు నొక్కిన ప్రతిసారీ వేరే సర్వర్‌కు వెళ్లిపోయి, మళ్లీ లాగిన్ కమ్మంటోందేమిటని తికమకపడతారు. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. గుమ్మం దాటి వేరే ఇంట్లోకి వెళ్లి, మన తాళంచెవి పనిచేయడం లేదని బాధపడినట్టు.

అక్కడ ఫౌంటెన్ పెన్స్ అని వెతికితే లెమ్మీ.వరల్డ్‌లో ఉన్న సమూహం కనిపిస్తుంది. దాని పూర్తి చిరునామా ఇలా ఉంటుంది: ముందు ఆశ్చర్యార్థకం, తర్వాత సమూహం పేరు, తర్వాత @ గుర్తు, చివర సర్వర్ పేరు. అంటే !ఫౌంటెన్‌పెన్స్@లెమ్మీ.వరల్డ్. ఈ చిరునామాను ఇంగ్లిష్ అక్షరాల్లో కాపీ చేసి మీ సర్వర్ సెర్చ్ బాక్సులో అతికించండి.

మొదటిసారి ఫలితాలు లేవు అని రావచ్చు. కంగారు పడకండి. మీ సర్వర్ ఆ క్షణంలోనే అవతలి సర్వర్‌కు కబురు పంపుతోంది. పది సెకన్లు ఆగి మళ్లీ వెతకండి. ఈసారి సమూహం పేరు వస్తుంది. తెరిస్తే కొద్దిపాటి పాత పోస్టులు మాత్రమే ఉంటాయి, వాటి కింద వ్యాఖ్యలు ఉండకపోవచ్చు. ఇదీ మామూలే. పాత చరిత్రంతా రాదు, మీరు సబ్‌స్క్రైబ్ చేసిన నాటి నుంచి కొత్తవి వరుసగా రావడం మొదలవుతుంది. ఏదైనా పాత చర్చ తప్పకుండా కావాలంటే, అవతలి సర్వర్‌లో దాని లింకు తీసుకుని మీ సెర్చ్ బాక్సులో వేస్తే ఆ పోస్టు ఒక్కటీ వస్తుంది.

సబ్‌స్క్రైబ్ నొక్కాక బటన్ మీద పెండింగ్ అని కాసేపు ఉండిపోతుంది. అవతలి సర్వర్ ఒప్పుకున్నట్టు జవాబు రాగానే అది మారుతుంది. రోజంతా పెండింగ్‌లోనే ఉంటే ఒకసారి రద్దు చేసి మళ్లీ నొక్కండి. నా అనుభవంలో చాలాసార్లు అంతటితో సరిపోయింది.

ఒకే విషయం, నాలుగు సమూహాలు: దేన్ని ఎంచుకోవాలి?

వికేంద్రీకరణలో ఇది తప్పదు. ఒకే పేరుతో వేర్వేరు సర్వర్లలో వేర్వేరు సమూహాలు ఉంటాయి. సభ్యుల సంఖ్యను చూసి ఎంచుకోవద్దని గట్టిగా చెబుతాను. 2023 వేసవిలో ఉత్సాహంగా చేరి, తర్వాత రాని పేర్లు కూడా ఆ సంఖ్యలో ఉంటాయి. పక్కపట్టీలో నెలకు ఎంతమంది చురుకుగా ఉన్నారో రాసి ఉంటుంది, అది చూడండి. అదీ మీ సర్వర్‌లో కాదు, సమూహం పుట్టిన సర్వర్‌లో తెరిచి చూడండి. మీ సర్వర్ లెక్క దానికి తెలిసినంత వరకే.

తర్వాత చివరి అయిదు పోస్టులు చదవండి. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు వచ్చిందా? పెన్నుల సమూహంలో నేను మొదట చూసింది, "నా పాళీ గీసుకుపోతోంది, ఏం చేయాలి" అన్నలాంటి ప్రశ్న ఒకటి. దానికి ముగ్గురు ఓపికగా సమాధానం చెప్పారు. ఒకరైతే భూతద్దంతో పాళీ మొనలు చూసుకోమని, రెండు మొనలూ సమానంగా లేకపోతే గోరుతో మెల్లగా సరిచేయమని చెప్పి ఫొటో కూడా పెట్టారు. అంతకు మించి నాకు రుజువేమీ అక్కర్లేకపోయింది. వందల పోస్టులుండి ఒక్కదానికీ వ్యాఖ్య లేని సమూహాలూ ఉన్నాయి. వాటిని ఎక్కువగా బాట్లే, అంటే తమంతట తామే పోస్టులు పెట్టే ప్రోగ్రాములే, నింపుతుంటాయి. వాటి జోలికి వెళ్లకండి.

ఇంకొకటి. లెమ్మీలో మోడ్‌లాగ్ అని ఒకటి ఉంది. మోడరేటర్లు ఏ పోస్టు తీసేశారు, ఎవరిని నిషేధించారు, ఏ కారణంతో అన్నది అక్కడ అందరికీ కనిపిస్తుంది. ఒక సమూహం స్వభావం దాని నియమాల్లో కన్నా మోడ్‌లాగ్‌లో బాగా తెలుస్తుంది. ప్రకటనలను, బూతులను తీసేస్తూ ఉంటే ఆ ఇంటికి పెద్దదిక్కు ఉన్నట్టు. కేవలం అభిప్రాయం నచ్చక తీసేసినవే కనిపిస్తుంటే అక్కడ మనశ్శాంతి ఉండదు.

నాలుగో అడుగు: పేరు తెలియని సమూహాలను కనుక్కోవడం

ఇంతవరకు మనకు కావలసింది ఏమిటో తెలిసి వెతికాం. అసలు సంతోషం మాత్రం, అలాంటిది ఒకటి ఉంటుందని కూడా ఊహించని చోటు ఎదురైనప్పుడు కలుగుతుంది.

లెమ్మీ ముందు పేజీలో ఆల్ అని నొక్కితే, మీ సర్వర్‌లో ఎవరో ఒకరు సబ్‌స్క్రైబ్ చేసినవన్నీ కలగలిపి వస్తాయి. మామూలు వరుసలో చూస్తే అందులో అమెరికా రాజకీయాలు, మీమ్‌లే ఎక్కువ. వరుసను స్కేల్డ్‌కు మార్చండి. 2023 డిసెంబర్‌లో వచ్చిన 0.19 వెర్షన్‌లో దీన్ని చేర్చారు. పెద్ద సమూహాల హోరులో చిన్నవి మునిగిపోకుండా ఇది వాటికి బలం ఇస్తుంది. నలభై మంది ఉన్న సమూహంలో ఆరుగురు మెచ్చిన పోస్టు కూడా పైకి వస్తుంది. ఈ ఒక్క మార్పుతో నా ముందు పేజీ రూపమే మారిపోయింది.

కొత్తగా పుట్టిన సమూహాలను ప్రకటించడానికే ఒక సమూహం ఉంది. లెమ్మీ.వరల్డ్‌లో న్యూ కమ్యూనిటీస్ అనే పేరుతో ఉంటుంది. అందులో చేరండి. రోజూ చదవాల్సిన పని లేదు. వారానికి ఒకసారి పేర్లు తిరగేస్తే చాలు.

అన్నింటికన్నా నేను నమ్ముకున్న పద్ధతి మనుషుల వెంట నడవడం. పెన్నుల సమూహంలో పాళీ సలహా చెప్పిన మనిషి పేరు మీద నొక్కితే, ఆ మనిషి ఇంకా ఎక్కడెక్కడ మాట్లాడుతున్నారో కనిపిస్తుంది. ఒకరు చేతితో పుస్తకాలు కుట్టే సమూహంలో ఉంటారు. ఇంకొకరు అక్షర రూపాల గురించి చర్చించే చోట ఉంటారు. మన అభిరుచి ఉన్న మనిషికి నచ్చిన రెండో విషయం మనకూ నచ్చే అవకాశం ఎక్కువ. ఊళ్లో మంచి పుస్తకాల షాపు ఎక్కడుందో తెలుసుకోవాలంటే బాగా చదివే మనిషినే కదా అడుగుతాం! అలాగే ఒక పోస్టు కింద క్రాస్‌పోస్టెడ్ అని వేరే సమూహాల పేర్లు కనిపిస్తే వాటినీ తెరిచి చూడండి. ఎవరో ఒకరు ఆ రెండు చోట్లకూ సంబంధం ఉందని ముందే గుర్తించి పెట్టారన్నమాట.

ఇక్కడ పైఫెడ్ గురించి ఒక మాట. లెమ్మీ సమూహాలతోనే కలిసి పనిచేసే వేరే సాఫ్ట్‌వేర్ ఇది. ఒకే విషయం మీద ఉన్న అనేక సమూహాలను ఇందులో ఒక గుత్తిగా కట్టి ఒకేసారి చేరవచ్చు. నాలుగు సమూహాల మధ్య ఎంచుకోలేక విసిగిపోయినవాళ్లు దాన్ని ప్రయత్నించవచ్చు.

అయిదో అడుగు: మాస్టోడాన్‌లో హ్యాష్‌ట్యాగే దారిదీపం

మాస్టోడాన్‌లో సమూహం అని విడిగా ఒక గది ఉండదు. హ్యాష్‌ట్యాగ్ చుట్టూ చేరిన మనుషులే సమూహం. 2022 నవంబర్‌లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి మనుషులను అనుసరించినట్టే హ్యాష్‌ట్యాగ్‌లనూ అనుసరించవచ్చు. ట్యాగ్ పేజీ తెరిచి ఫాలో నొక్కితే, ఆ ట్యాగ్ ఉన్న పోస్టులు నేరుగా మీ హోమ్ పేజీకి వస్తాయి.

ఒక్క ట్యాగ్‌తో ఆగకండి. పెన్నుల వాళ్లు ఫౌంటెన్ పెన్ అని ఏకవచనంలో రాస్తారు, ఫౌంటెన్ పెన్స్ అని బహువచనంలోనూ రాస్తారు. ఈ వ్యవస్థకు అవి రెండు వేర్వేరు ట్యాగ్‌లు. తెలుగులో ఈ చిక్కు మరీ ఎక్కువ. హైదరాబాద్ అని ఒకరు, హైదరాబాదు అని ఇంకొకరు, ఇంగ్లిష్ అక్షరాల్లో మరొకరు రాస్తారు. మూడింటినీ అనుసరించాలి. ఇంగ్లిష్ అక్షరాల ట్యాగ్‌లో పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రపు హైదరాబాద్ పోస్టులు కూడా వస్తాయని ముందే తెలుసుకోండి. #తెలుగు, దాని ఇంగ్లిష్ రూపం రెండూ మీ జాబితాలో తప్పకుండా ఉండాలి.

ట్యాగ్ విషయంలోనూ మొదటి సూత్రమే వర్తిస్తుంది. మీ సర్వర్ దాకా వచ్చిన పోస్టులే ట్యాగ్ పేజీలో ఉంటాయి. అందుకే చిన్న సర్వర్‌లో ఉన్నవాళ్లు ఒక పని చేయండి. ఏదైనా పెద్ద సర్వర్‌లో, ఉదాహరణకు మాస్టోడాన్.సోషల్‌లో, అదే ట్యాగ్ పేజీని లాగిన్ కాకుండా బ్రౌజర్‌లో తెరవండి. అక్కడ కనిపించిన మనుషుల చిరునామాలను తెచ్చి మీ సర్వర్‌లో వెతికి అనుసరించండి. పదిమందిని అలా తెచ్చుకుంటే, వాళ్లు ఇతరుల పోస్టులను బూస్ట్ చేసినప్పుడల్లా, అంటే తమవాళ్లకు మళ్లీ పంచినప్పుడల్లా, కొత్తవాళ్లు వాళ్ల వెంట వస్తారు. నెల తిరిగేసరికి మీ హోమ్ పేజీ నిండుగా ఉంటుంది.

ఇక మీ వంతు. ఇంట్రడక్షన్ అనే ట్యాగ్‌తో ఒక పరిచయ పోస్టు రాసి ప్రొఫైల్‌కు పిన్ చేయండి. మీకు ఇష్టమైన అయిదారు విషయాలను అందులో ట్యాగ్‌లుగా పెట్టండి. "అందరికీ నమస్కారం, కొత్తగా వచ్చాను" అని మాత్రమే రాస్తే ఎవరూ పట్టుకోలేరు. "రాజమహేంద్రవరం ఎబొనైట్ పెన్నులు వాడతాను, పాత తెలుగు చేతిరాతలంటే ఇష్టం, మిద్దె మీద దొండ తీగ పెంచుతున్నాను" అని రాయండి. ఆ మూడింటిలో ఏదో ఒకటి ఎవరికో ఒకరికి తగులుతుంది.

మాస్టోడాన్ నుంచే లెమ్మీ సమూహాలనూ అనుసరించవచ్చు. ఆశ్చర్యార్థకం బదులు @ గుర్తు పెట్టి అదే చిరునామా వెతికితే ఒక ఖాతాలా కనిపిస్తుంది. అయితే ఆ సమూహంలోని ప్రతి పోస్టు, ప్రతి వ్యాఖ్య మీ హోమ్ పేజీలోకి వచ్చి పడుతుంది. సందడి తక్కువగా ఉండే సమూహాలకైతే బాగుంటుంది. పెద్దవాటికి మాత్రం లెమ్మీలో వేరే ఖాతా పెట్టుకోవడమే మేలు.

ఇతర చోట్లు, క్లుప్తంగా

వీడియోలకు పీర్‌ట్యూబ్ ఉంది. దాన్ని తయారుచేసిన ఫ్రాన్స్ సంస్థ ఫ్రామాసాఫ్ట్, సెపియా సెర్చ్ అనే శోధన సాధనాన్నీ నడుపుతోంది. ఫొటోలకు పిక్సెల్‌ఫెడ్, చదివిన పుస్తకాల గురించి రాసుకోవడానికి బుక్‌విర్మ్ ఉన్నాయి. వీటన్నింటినీ మాస్టోడాన్ నుంచి అనుసరించవచ్చు.

చిన్న పోస్టులదే అయిన బ్లూస్కై అనే ఇంకో వేదిక వేరే ప్రమాణం మీద నడుస్తుంది, దాని పేరు ఏటీ ప్రోటోకాల్. అక్కడ వెతకడం కొంత సులువు. ఎవరైనా ఒక విషయం మీద ఫీడ్, అంటే పోస్టుల వరుస, తయారుచేసి అందరికీ పంచవచ్చు. 2024లో వచ్చిన స్టార్టర్ ప్యాక్‌లతో ఒకే నొక్కుతో ఒక రంగంలోని పదుల మందిని అనుసరించవచ్చు. అయితే ప్యాక్ మొత్తాన్ని ఒకేసారి అనుసరించకుండా, అందులోని పేర్లు చూసి ఏరుకోమని నా సలహా. ఎవరో కట్టిన మూటను విప్పకుండా ఇంటికి తెచ్చుకుంటే అందులో మనకు పనికిరానివే ఎక్కువ ఉండవచ్చు. బ్రిడ్జీ ఫెడ్ అనే వంతెన సాయంతో బ్లూస్కై, మాస్టోడాన్ ఖాతాలు ఒకదానినొకటి అనుసరించుకోవచ్చు. కాకపోతే ఆ వంతెనకు ఖాతాదారు ముందు ఒప్పుకోవాలి.

ఆరో అడుగు: చేరాక ఏం చేయాలి

చిన్న సమూహంలో మీ మొదటి మాటకు విలువ ఎక్కువ. లక్షమంది ఉన్న చోట మన వ్యాఖ్యను ఎవరూ చూడరు. అరవై మంది ఉన్న చోట అందరూ చూస్తారు, మరునాడు మళ్లీ వస్తారా అని ఎదురుచూస్తారు. మొదటి వారం చదవండి. ఆ తర్వాత పోస్టుకన్నా ముందు వ్యాఖ్య రాయండి. ఎవరో అడిగిన ప్రశ్నకు మీకు తెలిసిన జవాబు చెప్పండి. పెన్నుల సమూహంలో నేను మొదట రాసింది మూడు వాక్యాలే. ఎబొనైట్ రంగు ఎండకు, తేమకు మారుతుందని, పొడి గుడ్డతో తుడిచి నీడన పెట్టుకుంటే మంచిదని. దానికి వచ్చిన జవాబుల్లో ఒకరు, ఎక్కడో యూరప్‌లో ఉన్నవారు, తన దగ్గరున్న రాజమహేంద్రవరం పెన్ను మూత ఫొటో పెట్టి, మీద చెక్కిన తెలుగు అక్షరాలు చదివి పెట్టమని అడిగారు. అది ఎవరో పెళ్లికి ఇచ్చిన కానుక. పేరు, తేదీ చదివి చెప్పాను. ఆ ఒక్క సంభాషణ కోసం ఇదంతా నేర్చుకున్నా తప్పు లేదనిపించింది.

నచ్చనివాటిని మ్యూట్, బ్లాక్ చేయడానికి మొహమాటపడకండి. ఇక్కడ మీ పేజీని తీర్చిదిద్దేది మీరే. కలుపు తీసే పనీ మీదే. లెమ్మీలో ఆల్ పేజీ చూస్తూ, మీకు అక్కర్లేని సమూహాలను ఎదురైనప్పుడల్లా బ్లాక్ చేస్తూ పోతే రెండు వారాల్లో అది చదవదగ్గ పేజీ అవుతుంది.

వెతికినా దొరకకపోతే

తెలుగులో మీకు కావలసిన సమూహం లేకపోవచ్చు. అప్పుడు మీరే మొదలుపెట్టండి. లెమ్మీలో చాలా సర్వర్లు సభ్యులందరికీ ఆ వీలు ఇస్తాయి. ఒక్క జాగ్రత్త: సమూహానికి రెండు పేర్లుంటాయి. చిరునామాలో ఉండే పేరు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్‌తోనే ఉండాలి, ఒకసారి పెట్టాక మారదు. పైన కనిపించే పేరును తెలుగులో పెట్టుకోవచ్చు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కాబట్టి చిరునామా పేరు విషయంలో ఒక పూట ఆలోచించండి. పొట్టిగా, పలికినట్టే రాసేలా ఉండాలి. ఇంగ్లిష్‌లో రెండు మూడు రకాలుగా రాయగలిగే తెలుగు మాటలు వద్దు.

తెరిచిన రోజునే ఎవరినీ పిలవకండి. ముందు ఏడెనిమిది మంచి పోస్టులు మీరే పెట్టండి. ఖాళీ ఇంటికి వచ్చిన అతిథి కూర్చోడు. తర్వాత న్యూ కమ్యూనిటీస్‌లో ప్రకటించండి, మాస్టోడాన్‌లో తెలుగు ట్యాగ్‌తో చెప్పండి. వేరే సర్వర్లలో ఉన్న ఇద్దరు ముగ్గురు మిత్రులను సబ్‌స్క్రైబ్ చేయమనండి. వాళ్లు చేయగానే వాళ్ల సర్వర్లకూ మీ పిల్లకాలువ సాగుతుంది.

చివరగా, కూడబెట్టుకున్నదాన్ని దాచుకోవడం

సర్వర్లు మూతపడతాయని ముందే చెప్పాను. లెమ్మీ సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ అనే బటన్ ఉంది. మీరు చేరిన సమూహాలు, బ్లాక్ చేసినవి, సేవ్ చేసుకున్న పోస్టులు అన్నీ ఒక ఫైల్‌గా వస్తాయి. మాస్టోడాన్‌లో అనుసరించేవాళ్ల జాబితాను సీఎస్‌వీ ఫైల్‌గా దింపుకోవచ్చు. ఖాతాను వేరే సర్వర్‌కు మార్చుకుంటే మిమ్మల్ని అనుసరించేవాళ్లు మీ వెంటే వస్తారు. పాత పోస్టులు మాత్రం రావు. నేను ప్రతి నెల ఒకటో తేదీన, కరెంటు బిల్లు కట్టే పూటనే, ఈ రెండు ఫైళ్లనూ దింపి పెట్టుకుంటాను. కొత్త సర్వర్‌లో ఇంపోర్ట్ నొక్కగానే ఒకదాని తర్వాత ఒకటిగా సబ్‌స్క్రిప్షన్లు వెళ్లడం మొదలవుతుంది. ఆ సర్వర్‌లో పెన్నుల సమూహాన్ని ఇంతవరకు ఎవరూ వెతకకపోయి ఉంటే, ఆ పూట నుంచి అక్కడివాళ్లందరికీ అది కనిపిస్తుంది.